గేర్‌బాక్స్ హౌసింగ్ బోర్‌ను కొలిచే పద్ధతి

విమాన ఇంజన్ గేర్‌బాక్స్ హౌసింగ్‌లో బేరింగ్ కూర్చునే బోర్ (గుండ్రటి రంధ్రం) అరిగినప్పుడు, దానిని పెద్దది చేసి, బుష్ (గొట్టం లాంటి లోహపు తొడుగు) బిగించి, ఆ బుష్‌ను తిరిగి అసలు కొలతకు బోర్ చేయడం తరచుగా చేసే మరమ్మతు. బుష్ బిగుతుగా కూర్చున్నాక దాని లోపలి వ్యాసం కొద్దిగా తగ్గుతుంది కనుక, చివరి కొలత బిగించిన తర్వాతే తీసుకోవాలి.

మొదట మాన్యువల్‌లో లిమిట్ (బోర్‌కు అనుమతించిన కొలత హద్దు) ఏ యూనిట్‌లో ఉందో చూసుకోండి. అంగుళాల్లో ఉంటే అంగుళాల బోర్ గేజ్‌నే (బోర్ లోపలి వ్యాసాన్ని డయల్ మీద చూపే పరికరం) వాడటం మేలు. షాపులో ‘ఒక థౌ’ (అంగుళంలో వెయ్యో వంతు) అంటే 25.4 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), ‘ఒక టెన్త్’ (థౌలో పదో వంతు) అంటే 2.54 మైక్రాన్లు, నోటిమాటగా చెప్పుకునే ఈ రెండింటి మధ్య తేడా పదింతలు. టాలరెన్స్ (కొలతలో అనుమతించిన తేడా) మొత్తం 20 మైక్రాన్లయితే, 10 మైక్రాన్ల లీస్ట్ కౌంట్ (చదవగల అతి చిన్న కొలత) ఉన్న డయల్ ఆ పనికి చాలదు, 2 మైక్రాన్లు లేదా అంతకంటే సూక్ష్మంగా చదివేది కావాలి.

హైదరాబాద్‌లో అసలు చిక్కు ఎండతో వస్తుంది. డ్రాయింగ్ కొలతలన్నీ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర చెప్పినవి. ఏప్రిల్ మధ్యాహ్నం ఏసీ లేని బాలానగర్ షెడ్డులో 35 డిగ్రీలున్నాయనుకుందాం. 100 మిల్లీమీటర్ల అల్యూమినియం బోర్ అప్పటికి సుమారు 34 మైక్రాన్లు పెరుగుతుంది, గేజ్‌ను సెట్ చేసిన ఉక్కు రింగు (వ్యాసం కచ్చితంగా తెలిసిన వలయం) మాత్రం 17 మైక్రాన్లే పెరుగుతుంది. అంటే బోర్ 17 మైక్రాన్లు పెద్దదిగా కనిపిస్తుంది. 20 మైక్రాన్ల టాలరెన్స్‌లో ఇది దాదాపు మొత్తాన్నీ మింగేస్తుంది. అందుకే పార్టునూ, రింగునూ, గేజ్‌నూ ఏసీ గదిలో ఒకే సర్ఫేస్ ప్లేట్ (కొలతలకు వాడే చదునైన బల్ల) మీద కొన్ని గంటలు, వీలైతే రాత్రంతా ఉంచాలి. మెషిన్ మీది నుంచి దింపగానే కొలవకూడదు, గేజ్‌ను గ్రిప్ దగ్గరే పట్టుకోవాలి.

బోర్ అంచున బర్ (కోతలో మిగిలిన పదునైన లోహపు అంచు) ఉంటే తీసేసి, నూనె, లోహపు చూర్ణం తుడిచి, రింగులో జీరో సెట్ చేయండి. బోర్‌లోకి దించి గేజ్‌ను నెమ్మదిగా ముందుకూ వెనక్కూ ఊపితే డయల్ సూది ఒకవైపు పోయి, ఒకచోట ఆగి, వెనక్కి తిరుగుతుంది. ఆ తిరిగే చోటే కనిష్ఠ కొలత, అదే నిజమైన వ్యాసం. పై అంచు, మధ్య, అడుగు అనే మూడు లోతుల్లో, ప్రతి లోతులోనూ 90 డిగ్రీల తేడాతో రెండేసి రీడింగులు తీసుకుంటే టేపర్ (లోతును బట్టి వ్యాసం మారడం), ఓవాలిటీ (గుండ్రంగా కాక కోడిగుడ్డులా ఉండడం) రెండూ బయటపడతాయి.

అయితే మూడు దవడల చక్‌లో పట్టిన పలుచటి పార్టును వదిలేశాక అది మూడు వైపులకు ఉబ్బిన ఆకారం తీసుకోవచ్చు, అప్పుడు ఎదురెదురుగా రెండు చోట్ల తాకే ఈ రెండు బిందువుల గేజ్ ఎటు తిప్పినా వ్యాసం ఒకేలా చూపుతుంది. నేను మొదట్లో ఇలాంటి పార్టును ‘ఓకే’ అని పంపి, బేరింగ్ ఎక్కకపోయేసరికి తెల్లమొహం వేశాను. ఇలాంటి చోట బిగింపు వదిలించి, మూడు బిందువుల ఇంటర్నల్ మైక్రోమీటర్‌తో సరిచూడాలి.

రికార్డులో ‘ఓకే’ రాయవద్దు; ఆరు రీడింగులూ, గది ఉష్ణోగ్రతా, గేజ్ నంబరూ, దాని క్యాలిబ్రేషన్ గడువూ రాయండి. లిమిట్‌కు ఒక మైక్రాన్ బయట ఉన్నా మళ్ళీ ఊపి చూసి నచ్చిన రీడింగ్ ఏరుకోకుండా, ఉన్నదున్నట్టు రాసి, ఆమోదిత ఇంజనీరింగ్ విభాగానికి పంపాలి.