పరిశోధనా సంస్థలో లింగ సమానత్వ విధానాన్ని అమలు చేయడం ఎలా?

లింగ సమానత్వ విధానం పేరిట ఒక పత్రం చాలా పరిశోధనా సంస్థల్లో ఉంటుంది. మార్చి 8న దాని మీద ఒక ఉపన్యాసమూ జరుగుతుంది. అది సెలక్షన్ కమిటీ గదిలోకీ, ప్రయోగశాలలోకీ రావాలంటే మాత్రం కింది పనులు వరుసగా జరగాలి.

మొదట లెక్క తీయండి. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2021-22లో పీహెచ్‌డీ చేస్తున్న 2.12 లక్షల మందిలో మహిళలు సుమారు 99 వేలు. పరిశోధన, అభివృద్ధి పనుల్లో నేరుగా ఉన్నవారిలో వారి వాటా 2018లో 16.6 శాతమే. ఈ తేడా అంతా నేటి వివక్ష వల్లనే అనలేము, పాత తరాల నియామకాలూ అందులో కలిసి ఉన్నాయి. కాబట్టి దేశం లెక్క పక్కన పెట్టి, మీ సంస్థలో గత ఐదేళ్ల దస్త్రాలు తెరిచి, దరఖాస్తు, షార్ట్‌లిస్టు, ఇంటర్వ్యూ, నియామకం, పదోన్నతి అనే ఒక్కొక్క దశలో స్త్రీలెందరు, పురుషులెందరు అని పక్కపక్కన రాయండి. దరఖాస్తుల్లో నూటికి నలభై మంది మహిళలు ఉండి, షార్ట్‌లిస్టులో ఇరవైకి ముగ్గురే మిగిలితే, 'అర్హులైన ఆడవాళ్లు దొరకడం లేదు' అనే మాట ఇక చెల్లదు.

తర్వాత బాధ్యతను, డబ్బును కేటాయించండి. యూరప్‌లో 'హొరైజన్ యూరప్' అనే పరిశోధనా పథకం నిధులు కోరే విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ సంస్థలు, పరిశోధనా సంస్థలు 2022 నుంచి యాజమాన్యం సంతకంతో బహిరంగ ప్రణాళిక, ప్రత్యేక వనరులు, ఏటా గణాంకాలు, శిక్షణ చూపాలి. మన దేశంలో శాస్త్ర, సాంకేతిక శాఖ సంస్థల్లో లింగ సమానత్వం కోసం 2020లో ప్రకటించిన 'గతి' కార్యక్రమం, ఇదే పనికి విద్యాసంస్థలకు గుర్తింపునిచ్చే బ్రిటన్‌లోని 'ఎథీనా స్వాన్' పద్ధతిని అనుసరించింది. ఎక్కడైనా ముందుగా ఎగిరిపోయేవి వనరులే. అప్పటికే మూడు కమిటీల్లో ఉన్న ఏకైక మహిళా ప్రొఫెసర్ నెత్తిన ఈ పనీ వేసి, ఆమె బోధన గంటలు తగ్గించకపోతే, అమలు కాస్తా ఆమెకు శిక్షగా మారుతుంది.

ఎక్కువ శ్రద్ధ ఎంపిక మీద పెట్టాలి. 2012లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒకే దరఖాస్తును కొందరికి జాన్ పేరుతో, కొందరికి జెనిఫర్ పేరుతో ఇచ్చి 127 మంది సైన్స్ అధ్యాపకుల అభిప్రాయం అడిగితే, జాన్‌కే ఎక్కువ సామర్థ్యం ఉందన్నారు, జీతమూ ఎక్కువ ఇస్తామన్నారు. అలా అన్నవారిలో మహిళా అధ్యాపకులూ ఉన్నారు. కాబట్టి కమిటీలో ఇద్దరు మహిళలను కూర్చోబెట్టినంత మాత్రాన పని అయిపోదు. దరఖాస్తులు విప్పకముందే ఏ అర్హతకు ఎన్ని మార్కులో రాసుకోవాలి, తిరస్కరించిన ప్రతి పేరు పక్కన కారణం నమోదు చేయాలి. ప్రాజెక్టు ప్రతిపాదనలకు పేర్లు తీసేయడమూ సాధ్యమే: హబుల్ టెలిస్కోప్ సమయ కేటాయింపులో 2018లో అలా చేసినప్పుడు మహిళల ప్రతిపాదనల ఆమోద శాతం పురుషుల కంటే కాస్త ఎక్కువగా వచ్చింది. ఇంటర్వ్యూలో 'పెళ్లయిందా, పిల్లలను ఎవరు చూస్తారు' అని ఎవరైనా అడిగితే, అధ్యక్షుడు అక్కడికక్కడే ఆపాలి.

సెలవుల విషయంలో నియమాలు ఉన్నాయి, అందడమే కష్టం. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేసే మహిళకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు ఇవ్వవచ్చు, గడువులో రెండేళ్ల సడలింపూ ఉంది. అయితే ఫార్మాల్డిహైడ్ వంటి హానికర రసాయనాల సీసాలున్న బల్ల దగ్గర పనిచేసే స్కాలర్ గర్భిణి అని తెలిసిన నాడే, ఆ పని ఎవరు అందుకుంటారో, ఈలోగా ఆమె ఏ విశ్లేషణ చేస్తారో, సెలవు మధ్యలో ప్రాజెక్టు ముగిసిపోతే ఫెలోషిప్ ఏ పద్దు నుంచి వస్తుందో గైడ్ కాగితం మీద పెట్టాలి. విభాగ సమావేశాలను సాయంత్రం ఐదున్నరకు పెట్టడం మానాలి. ఇది తండ్రులకూ మేలే.

పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం కోరే అంతర్గత ఫిర్యాదుల కమిటీలో కనీసం సగం మంది మహిళలు, ఒక బయటి సభ్యురాలు లేదా సభ్యుడు ఉండాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఫిర్యాదు గైడ్ మీదే అయితే, చేసిన పని పోకుండా గైడ్‌ను మార్చుకునే వీలు ముందే రాసి ఉండాలి.

పరిశోధనాంశాన్నీ ఇదే కంటితో చూడండి: ఫలితం స్త్రీలకూ పురుషులకూ ఒకటేనా అని అడగండి. నిద్రమాత్ర జోల్పిడెమ్ స్త్రీల శరీరం నుంచి నెమ్మదిగా పోతుందని తేలి, అమెరికా 2013లో వారి మోతాదును సగానికి తగ్గించమంది. అప్పటికే ఆ మందు రెండు దశాబ్దాలుగా అమ్ముడవుతోంది.

ఏడాది తిరిగాక మొదటి పట్టికను అవే గడులతో మళ్లీ నింపి, పాతదాని పక్కనే వార్షిక నివేదికలో అచ్చు వేయండి.