ప్యాడెల్‌లో వీబోరా షాట్ ఎలా కొట్టాలి?

ప్యాడెల్ అంటే చుట్టూ అద్దాల గోడలున్న కోర్టులో, నెట్‌కి రెండు వైపులా జంటలుగా ఆడే బ్యాట్ ఆట. స్పానిష్‌లో వీబోరా అంటే విషపాము, మన రక్తపింజర లాంటిది. షాట్ కూడా అలాగే ఉంటుంది. బంతి మెలితిరుగుతూ వెళ్లి, వెనక అద్దాన్ని తాకాక పైకి లేవకుండా పక్కకి జారిపోతుంది. బందేహాలో (తల మీదికి వచ్చిన బంతిని మెల్లగా కోసి కొట్టే షాట్) చెయ్యి తిరిగాకే దీని జోలికి రండి. బందేహా నెట్ దగ్గర మీ చోటు కాపాడుకోవడానికి, ఇది కరవడానికి.

ముందు పట్టు. బ్యాట్‌ని గొడ్డలి పట్టుకున్నట్టు పట్టుకోండి. ఫోర్‌హ్యాండ్ పట్టుతో బంతి పక్కని కోయడం కుదరదు.

నెట్ నుంచి సర్వీస్ గీత 6.95 మీటర్లు. అందులో దాదాపు సగం దూరంలో ఉంటే ఈ షాట్‌కి అనువు. లాబ్, అంటే అవతలివాళ్లు మీ తల మీదుగా ఎత్తుగా లేపిన బంతి, సర్వీస్ గీత దాటి వెనక్కి పోతుంటే ఆశ వదులుకోండి, అద్దం మీంచి వచ్చాక ఆడుకోవచ్చు.

లాబ్ లేవగానే పక్కకి తిరగండి. కుడిచేతి వాటమైతే కుడికాలు వెనక్కి, ఎడమచెయ్యి బంతి వైపు. నెట్‌కి ఎదురుగా ఉండి వెనక్కి పరిగెత్తకండి, పడతారు. అడ్డంగా అడుగులు వేయండి.

అసలు కిటుకు బంతిని తాకే చోట ఉంది. స్మాష్‌లోలా చెయ్యి పూర్తిగా పైకి చాచొద్దు. బంతిని తల ఎత్తుకి దిగనిచ్చి, ఒంటికి కాస్త ముందు, కుడిపక్కన తాకాలి. బంతి మీద గడియారం ఉందనుకోండి. బ్యాట్ 3 అంకె దగ్గర గీసుకుంటూ పోయి, ఎడమ నడుము దగ్గర ఆగాలి. సరిగ్గా తగిలితే 'టప్' మనదు, బుస కొట్టినట్టు 'స్స్' మంటుంది. నేను ఆ చప్పుడు వినే నేర్చుకున్నాను.

గురి ఐమూలగా, రెండు అద్దాలు కలిసే మూలకి. అవతలి కోర్టులో ముందు నేలని తాకాకే బంతి అద్దానికి తగలాలి, లేకపోతే పాయింట్ వాళ్లదే.

బలం సంగతి. మొదట్లో నేను ఒళ్లంతా ఊపి బాదేవాణ్ని. బంతి అద్దానికి కొట్టుకుని కోర్టు మధ్యకి వచ్చేది, అవతలివాళ్లు తీరిగ్గా ఆడేవాళ్లు. నా పార్ట్‌నర్ ఏమీ అనేవాడు కాదు, బ్యాట్ తీగలేవో సర్దుకుంటున్నట్టు కిందకి చూసేవాడు. ప్యాడెల్ బ్యాట్‌కి తీగలుండవు! అందుకే సగం బలంతో మొదలుపెట్టండి. ఎవరినైనా చేత్తో బంతులు విసరమని, ఇరవై కొట్టండి. భుజం నొప్పి పెడితే ఆ రోజుకి ఆపేయండి.

కొట్టాక షాట్ చూస్తూ నిలబడకండి. వెంటనే నెట్ వైపు రెండడుగులు వేయండి.