క్లౌడ్ డేటాబేస్ నేర్చుకుందాం – 4: ఏ డిస్కు తీసుకోవాలి?

పోయిన పాఠంలో అమెజాన్ ఆర్‌డీఎస్‌లో (డేటాబేస్‌ను మన తరఫున అమెజానే నడిపే క్లౌడ్ సర్వీసు) 100 జీబీల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పెట్టుకున్నాం. స్టోరేజ్ టైప్ అన్న గడి దగ్గర ఏదో ఒకటి నొక్కి ముందుకు పోయాం. ఈసారి అక్కడే ఆగుదాం.

మిర్యాలగూడ దిక్కు ఒక రైస్‌మిల్లుకు కాంటా సాఫ్ట్‌వేర్ చేసినప్పుడు నేను దెబ్బతిన్నది ఆ గడి దగ్గరే. మామూలు రోజుల్లో బాగానే నడిచింది. యాసంగి వడ్లు మొదలై ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరిన రోజు, పొద్దున అరగంట బిల్లులు టకటకా వచ్చాయి. ఆ తర్వాత ఒక్కో బిల్లుకు నిమిషం! సేటు ఫోన్ల మీద ఫోన్లు, నాకు ఒకటే టెన్షన్. చూస్తే సీపీయూ ఖాళీగానే ఉంది. డిస్కేమో జీపీ2 అనే పాత రకం. (నా తప్పూ ఉందిలెండి. ఇండెక్స్, అంటే పుస్తకం వెనక సూచిక లాంటిది, పెట్టలేదు, ప్రతి బిల్లుకూ టేబుల్ మొత్తం తిరగేస్తోంది.)

డిస్కు సెకనుకు ఎన్నిసార్లు చదవగలదో, రాయగలదో ఆ లెక్కే ఐఓపీఎస్. జీపీ2లో జీబీకి 3 చొప్పున వస్తాయి, అంటే 100 జీబీకి 300. అవసరమైతే 3000 దాకా పోతుంది, వాడనప్పుడు దాచిన క్రెడిట్లు ఉన్నంతసేపే (ఒకసారి చదివినా, రాసినా ఒక క్రెడిట్ ఖర్చు). సన్నగా పోసే బోరు, ఇంటి మీద ట్యాంకు అనుకోండి. ట్యాంకు నిండా ఉంటే నల్లా జోరుగా వస్తుంది, ఖాళీ అయ్యాక బోరు పోసినంతే.

నిండు ట్యాంకు 54 లక్షల క్రెడిట్లు. సెకనుకు 3000 వాడితే 300 మళ్లీ చేరతాయి, నికరంగా 2700 తరుగుతాయి. భాగిస్తే 2000 సెకన్లు, దాదాపు 33 నిమిషాలు. మా అరగంట కథ అదే. ఏమీ వాడకపోయినా మళ్లీ నిండడానికి 5 గంటలు.

అప్పట్లో చాలామంది చేసిన పనే నేనూ చేశా: వేగం కోసం డిస్కును 1000 జీబీకి పెంచా. డేటా 40 జీబీ కూడా లేదు. పెంచిన డిస్కును అక్కడికక్కడే తగ్గించే వీల్లేదు. కొత్త డేటాబేస్ పెట్టి అంతా తరలించాల్సి వచ్చింది.

2022లో ఆర్‌డీఎస్‌లోకి జీపీ3 అనే కొత్త రకం డిస్కు వచ్చింది. మన 100 జీబీల డిస్కుకూ ఎప్పుడైనా 3000 ఐఓపీఎస్, సెకనుకు 125 ఎంబీ ఇస్తుంది. ట్యాంకు గొడవే లేదు. కొత్తవాళ్లు కళ్లు మూసుకుని ఇదే తీసుకోవచ్చు. ఐఓ2 అని ఇంకో రకం ఉంది, ఖరీదెక్కువ, మన పాఠాల్లో దాని జోలికి పోం.

ఈ వారం పని: క్లౌడ్‌వాచ్‌లో (అమెజాన్ కొలతలు చూపించే చోటు) రీడ్ ఐఓపీఎస్, రైట్ ఐఓపీఎస్ గ్రాఫులు తెరిచి, బాగా రద్దీ ఉన్న గంటలో రెండూ కలిపి ఎంతో రాసుకోండి. 3000 దాటకపోతే జీపీ3 సరిపోతుంది. జీపీ2 మీద ఉన్నవాళ్లు బర్స్ట్ బ్యాలెన్స్, అంటే ట్యాంకులో ఇంకెంత మిగిలిందో, అది కూడా చూడండి. జీపీ3కి మార్చే పని కాంటా మూసిన రాత్రి పెట్టుకోండి. డేటాబేస్ ఆగదు కానీ కాసేపు నెమ్మదిస్తుంది, పైగా కనీసం 6 గంటల పాటు స్టోరేజీని మళ్లీ ముట్టుకోనివ్వదు. రాసుకున్న అంకెలు దగ్గర పెట్టుకోండి, 5వ పాఠంలో నేను పెట్టని ఆ ఇండెక్స్ పెట్టాక మళ్లీ కొలుద్దాం.