ప్రశ్నల తయారీ – మూడో పాఠం: లెక్క ఒకటే, రూపాలు మూడు

ఒకే లెక్కను బిట్టు, ఖాళీ, సోపానాలు అనే మూడు రూపాల్లో రాసి తెమ్మని కిందటి పాఠంలో చెప్పాను. నేను రాసింది గుంటూరు మిర్చి యార్డు లెక్క: క్వింటా 12,000 రూపాయలైతే 45 కిలోల టిక్కీ (మిర్చి బస్తా) ధర ఎంత?

ముందు బిట్టుగా చూద్దాం. ఆప్షన్లు 540, 5,400, 6,600, 5,40,000. చివరిదాని బబుల్ దిద్దినవాడు గుణించి, వందతో భాగించడం మరిచాడు. 540 దిద్దినవాడు క్వింటా అంటే వెయ్యి కిలోలనుకున్నాడు. 6,600 అనేది మిగిలిన 55 కిలోల ధర. నాలుగో ఆప్షన్ ఏదో ఒకటి కావాలి కాబట్టి దాన్ని పెట్టానని ఒప్పుకుంటాను.

అసలు చిక్కు వేరే ఉంది. కాటా దగ్గర తండ్రి పక్కన నిలబడి పెరిగిన పిల్లవాడు కలం కదపడు. నలభై ఐదు అంటే సగానికి కొంచెం తక్కువ, సగం ధర ఆరు వేలు అనుకుని 5,400 దిద్దేస్తాడు. నా దృష్టిలో అది దొంగదారి కాదు, అంచనా కూడా గణితమే. కాకపోతే మీరు చూడదలచుకున్నది గుణకార భాగహారాలైతే ఈ బిట్టు వాటిని చూడలేదు. పోనీ 5,200, 5,600 పెడదామా? అంచనాకు అడ్డు పడుతుంది. కానీ ఆ అంకెల వెనుక ఏ పొరపాటూ లేదు. వాటిని దిద్దినవాడికి ఏం రాదో మీకు తెలియదు.

గుడ్డిగా దిద్దడం సంగతీ ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలు రాసే స్కాలర్‌షిప్ పరీక్ష ఎన్‌ఎంఎంఎస్‌లో 180 బిట్లు, నెగెటివ్ మార్కులు లేవు. ప్రశ్న చదవకుండా దిద్దినా సగటున 45 వస్తాయి. జనరల్ అర్హత 40 శాతం, అంటే 72. అందులో సగానికి పైగా గుడ్డిగానే వచ్చేస్తాయన్నమాట.

ఖాళీ పూరించమంటే ఈ బెడద దాదాపు పోతుంది. 5400 అన్నా, ఐదు వేల నాలుగు వందలు అన్నా మార్కు ఇవ్వాలని ముందే రాసిపెట్టుకుంటే చాలు.

సోపానాలతో చేయమంటే పిల్లవాడి ఆలోచన కనిపిస్తుంది. కిలో 120 అని సరిగ్గా తేల్చి, 120 × 45 దగ్గర 5,200 అని తప్పాడనుకోండి. నాలుగు మార్కులకు ఒకరు మూడిస్తారు, ఇంకొకరు రెండిస్తారు. లక్షల పేపర్లు దిద్దించాల్సినవారు యంత్రమే మార్కులేసే ఓఎంఆర్ బిట్ల వైపు మొగ్గడానికి ఇదొక కారణం.

ఇంటిపని: విజయవాడలో 9.40కి బయలుదేరిన బస్సు 10.25కి గుంటూరు చేరింది. ప్రయాణానికి ఎన్ని నిమిషాలు పట్టింది? మూడు తప్పు ఆప్షన్లు రాసి, ప్రతిదాని పక్కన ఆ తప్పు ఎలా వస్తుందో చేసి చూపండి. చూపలేనిదాన్ని కొట్టేయండి. ఒకటి నేనే ఇస్తున్నాను, 85. అది ఎక్కడినుంచి వచ్చిందో మీరే పట్టుకోండి.