క్యాష్ వల్ల వచ్చే డిస్‌ప్లే ఫ్లికర్: లక్షణం చూసి కారణం పట్టుకోవడం ఎలా

డేటా క్యాష్ (ప్రాసెసర్ తనకు తరచూ కావాల్సిన డేటా కాపీలు ఉంచుకునే చిన్న, వేగమైన మెమరీ) ఆన్ చేయగానే స్క్రీన్ మీద చిన్న చిన్న గీతలు మెరుస్తాయి, ఆఫ్ చేస్తే పోతాయి. కార్టెక్స్ ఎం7 అనే మైక్రోకంట్రోలర్ ప్రాసెసర్ ఉన్న బోర్డుల మీద డిస్‌ప్లే నడిపేవాళ్లు తరచూ చెప్పే సమస్య ఇది. చాలామంది క్యాష్ ఆపేసి ముందుకెళ్లిపోతారు. పరీక్షగా అది మంచిదే కానీ పరిష్కారం మాత్రం కాదు. క్యాష్ లేకపోతే ప్రాసెసర్ చేసే ప్రతి చదువూ, రాతా నేరుగా మెమరీ బస్సు మీద పడుతుంది. దాంతో అప్పటిదాకా లేని మరో రకం ఫ్లికర్ మొదలవుతుంది. మొదటిది పాత డేటా సమస్య, రెండోది బ్యాండ్‌విడ్త్ (మెమరీ సెకనుకు ఎంత డేటా అందించగలదన్నది) సమస్య. ఒకదానికి వేసిన మందు రెండోదాన్ని పెంచుతుంది కాబట్టి, ఏది వచ్చిందో ముందు తేల్చుకోవాలి.

ఇక్కడి వివరాలు ప్రధానంగా ఎస్‌టీఎం32 ఎఫ్7, హెచ్7 చిప్పుల్లోని ఎల్‌టీడీసీ డిస్‌ప్లే కంట్రోలర్‌కు సంబంధించినవి. ఈఎస్‌పీ32-ఎస్3, లినక్స్ సంగతులు చివర్లో ఉన్నాయి.

అసలు ఇది క్యాష్ సమస్యేనా?

మొదట ఎల్‌టీడీసీ లేయర్లన్నీ ఆపేసి, బ్యాక్‌గ్రౌండ్ కలర్ రిజిస్టర్‌లో ఒక బూడిద రంగు పెట్టండి. ఈ రంగు చూపించడానికి కంట్రోలర్ మెమరీని చదవనే చదవదు. ఇది కూడా మినుకుమంటుంటే క్యాష్‌ను వదిలేయండి. బ్యాక్‌లైట్ పీడబ్ల్యూఎం ఫ్రీక్వెన్సీ, పవర్ సప్లై, పిక్సెల్ క్లాక్ పొలారిటీ, పోర్చ్ విలువలు (వరుసలు, ఫ్రేముల చుట్టూ ఉంచే ఖాళీ సమయాలు) చూసుకోవాలి.

రంగు నిలకడగా ఉంటే లేయర్ ఆన్ చేసి, ఒక బొమ్మ గీసి, ఆ తర్వాత గీయడం, బఫర్ (స్క్రీన్ పిక్సెళ్లు ఉండే మెమరీ భాగం) మార్చడం రెండూ ఆపేయండి. గీతలు ఉన్నచోటే కదలకుండా నిలిచిపోయాయంటే అది పాత డేటా. బొమ్మ మొత్తం పక్కకు జరుగుతూ అదురుతుంటే అది బ్యాండ్‌విడ్త్.

మూడో పరీక్ష: ప్రతి ఫ్రేమ్ గీయడం పూర్తయ్యాక డేటా క్యాష్ మొత్తాన్నీ క్లీన్ చేసే (అంటే అందులోని కొత్త డేటాను మెమరీకి పంపే) ఎస్‌సీబీ క్లీన్ డీక్యాష్ ఫంక్షన్‌ను పిలవండి. గీతలు పోతే కారణం ఖాయం. క్యాష్ ఆపి చూడటం కన్నా ఇదే నమ్మదగిన పరీక్ష, ఎందుకంటే క్యాష్ ఆపితే కోడ్ వేగం, బస్సు మీద ఒత్తిడి, టైమింగ్ అన్నీ ఒకేసారి మారిపోతాయి.

డీబగ్గర్ మెమరీ విండోలో పిక్సెళ్లు సరిగ్గానే ఉన్నాయని నిశ్చింతగా ఉండకండి. కార్టెక్స్ ఎం7లో డీబగ్గర్ చదివే విలువ క్యాష్ నుంచే రావచ్చు. డిస్‌ప్లే కంట్రోలర్‌కు కనబడేది మాత్రం అసలు మెమరీలో ఉన్నదే.

లక్షణం 1: అడ్డంగా, ఒకే పొడవున్న గీతలు

ఫోన్ కెమెరాతో స్క్రీన్‌ను బాగా దగ్గర నుంచి ఫొటో తీసి, ఒక గీత పొడవు ఎన్ని పిక్సెళ్లో లెక్కపెట్టండి. కార్టెక్స్ ఎం7లో ఒక క్యాష్ లైన్ (క్యాష్ ఒకేసారి తెచ్చే, పంపే డేటా ముక్క) 32 బైట్లు. ఆర్‌జీబీ565 ఫార్మాట్‌లో అది సరిగ్గా 16 పిక్సెళ్లు, ఏఆర్‌జీబీ8888లో 8. గీతలు ఈ పొడవులో, లేదా దాని గుణిజాల్లో ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఆర్‌జీబీ888లో పిక్సెల్‌కు 3 బైట్లు కాబట్టి లైన్ అంచు పిక్సెల్ మధ్యలో పడుతుంది. అందుకే గీత చివర్లలో సంబంధం లేని రంగు చుక్క కనబడుతుంది. 480 వెడల్పున్న ఆర్‌జీబీ565 స్క్రీన్‌లో ఒక వరుస 960 బైట్లు, అంటే సరిగ్గా 30 లైన్లు. బఫర్ 32 బైట్లకు అలైన్ అయి ఉంటే (మొదలయ్యే అడ్రస్ 32 గుణిజమైతే) ప్రతి గీతా 16తో భాగించబడే నిలువు వరుస దగ్గరే మొదలవుతుంది.

కారణం ఇది. రైట్-బ్యాక్ పద్ధతిలో ప్రాసెసర్ రాసిన పిక్సెల్ ముందు క్యాష్‌లోనే ఉంటుంది. ఆ లైన్‌ను ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడే మెమరీకి చేరుతుంది. ఎల్‌టీడీసీ ప్రాసెసర్ క్యాష్‌లోకి తొంగిచూడదు, మెమరీలో ఉన్న పాత పిక్సెళ్లనే ప్యానెల్‌కు పంపుతుంది. 16 కేబీ క్యాష్‌లో 512 లైన్లుంటాయి. 800×480 ఆర్‌జీబీ565 ఫ్రేమ్‌కు 7,68,000 బైట్లు, అంటే 24,000 లైన్లు కావాలి. స్క్రీన్ మొత్తం గీస్తే ముందు రాసినవి వాటంతటవే బయటికి వెళ్లిపోతాయి, క్యాష్‌లో ఉండిపోయిన కొద్ది లైన్లే గీతలుగా కనబడతాయి. అదే ఒక చిన్న అంకె మార్చారనుకోండి, ఆ మార్పు మొత్తం క్యాష్‌లోనే ఉండిపోయి స్క్రీన్ మీద ఎంతసేపటికీ రాకపోవచ్చు. పెద్ద ప్రాంతం గీస్తే కొంచెం తప్పు, చిన్న ప్రాంతం గీస్తే మొత్తం తప్పు: ఈ తీరు కనబడితే క్యాషే.

పరిష్కారం క్రమంలో ఉంది. గీయడం ముగించాలి, గీసిన ప్రాంతాన్ని క్లీన్ చేయాలి, ఆ తర్వాతే బఫర్‌ను ఎల్‌టీడీసీకి అప్పగించాలి. ఎల్‌వీజీఎల్ గ్రాఫిక్స్ లైబ్రరీ వాడుతూ ఫ్రేమ్‌బఫర్‌లోకే నేరుగా గీయిస్తుంటే, ఫ్లష్ కాల్‌బ్యాక్‌లో ఫ్లష్ రెడీ చెప్పే ముందు క్లీన్ చేయాలి.

ఎంత క్లీన్ చేయాలన్నది కాస్త ఆలోచించాల్సిన విషయం. 800 వెడల్పు స్క్రీన్ మీద 100×40 బటన్ మారిందనుకోండి. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా ఏకబిగిన క్లీన్ చేస్తే 64,000 బైట్లు, 2,000 లైన్లు. వరుసకు వరుస విడిగా, బటన్ వెడల్పు మేరకే చేస్తే వరుసకు 7 లేదా 8 లైన్లు, మొత్తం 300 చుట్టూ. క్యాష్ మొత్తం క్లీన్ చేసినా 512 మాత్రమే. కాబట్టి చిన్న ప్రాంతమైతే వరుసలవారీగా, క్యాష్ పరిమాణం దాటిన ప్రాంతమైతే మొత్తంగా క్లీన్ చేయడం మేలు. ఒక్క జాగ్రత్త: క్యాషబుల్ మెమరీలో డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా మెమరీలోకి డేటా చేర్చే హార్డ్‌వేర్) రిసీవ్ బఫర్లు ఉండి, వాటి లైన్లు క్యాష్‌లో డర్టీగా (ఇంకా మెమరీకి చేరకుండా) మిగిలి ఉంటే, మొత్తం క్లీన్ అప్పుడే వచ్చిన డేటా మీద పాతదాన్ని రాసేస్తుంది. డీఎంఏ మొదలుపెట్టే ముందే ఆ బఫర్లను ఇన్వాలిడేట్ చేసి (క్యాష్‌లోని కాపీని పారేసి) ఉంచాలి.

ఇక్కడ జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. బఫర్‌కు వోలటైల్ పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. అది కంపైలర్‌ను ఆపుతుంది, క్యాష్‌ను కాదు. మెమరీ పనులు పూర్తయ్యేదాకా ఆగే డీఎస్‌బీ ఇన్‌స్ట్రక్షన్ ఒక్కటే పెట్టినా డర్టీ లైన్లు మెమరీకి వెళ్లవు. క్లీన్ అనాల్సిన చోట ఇన్వాలిడేట్ పిలిస్తే అప్పుడే గీసిన పిక్సెళ్లు పోతాయి. బఫర్ 32 బైట్లకు అలైన్ కాకపోతే ఇంకా ప్రమాదం: అదే లైన్‌లో పక్కనున్న వేరియబుల్ విలువ కూడా ఎగిరిపోతుంది. బఫర్ మొదలు, పరిమాణం రెండూ 32 గుణిజాలుగా ఉంచండి.

లక్షణం 2: కదలని బొమ్మలోనే కొన్ని చోట్ల మినుకుమినుకు

ఇది డబుల్ బఫరింగ్‌లో కనబడుతుంది. ఒక బఫర్‌లో పాత లైన్లు మిగిలిపోయి, రెండో బఫర్ సరిగ్గా ఉంటే, రెండూ మారుతున్న కొద్దీ ఆ గీతలు వస్తూ పోతూ ఉంటాయి. మినుకుమనే భాగం ఆకారం చూడండి. క్యాష్ లైన్ పొడవులో ముక్కలుగా ఉంటే పై పరిష్కారమే. సరిగ్గా బటన్ లేదా అక్షరం ఆకారంలో ఉంటే క్యాష్‌ను తప్పుపట్టకండి: మారిన భాగాన్ని ఒక బఫర్‌లోనే గీసి, రెండో దాంట్లోకి తీసుకురాలేదని అర్థం.

బఫర్ అడ్రస్ మార్చేటప్పుడు షాడో రిజిస్టర్ రీలోడ్‌ను (కొత్త విలువలు అమల్లోకి రావడాన్ని) ఇమ్మీడియట్‌గా కాకుండా వర్టికల్ బ్లాంకింగ్‌లో (రెండు ఫ్రేముల మధ్య విరామంలో) జరిగేలా పెట్టండి. రీలోడ్ ఇంటరప్ట్ వచ్చేదాకా పాత బఫర్‌ను ముట్టుకోవద్దు.

లక్షణం 3: గీసినది వచ్చి, కాసేపటికి పాతది తిరిగి కనబడటం

డీఎంఏ2డీ (బొమ్మలను ప్రాసెసర్ లేకుండా మెమరీలో వేసే హార్డ్‌వేర్) వాడే ప్రాజెక్టుల్లో ఇది వస్తుంది, పట్టుకోవడం కూడా కష్టమే. ప్రాసెసర్ ముందు రాసిన లైన్లు క్యాష్‌లో డర్టీగా ఉన్నాయి. ఈలోగా డీఎంఏ2డీ అదే చోట కొత్త బొమ్మ నేరుగా మెమరీలో వేసింది. తర్వాతెప్పుడో క్యాష్ ఆ డర్టీ లైన్లను బయటికి పంపితే కొత్త బొమ్మ మీద పాత పిక్సెళ్లు పడతాయి. ఏ క్షణంలో పంపుతుందన్నది వేరే కోడ్ ఏ మెమరీని తాకిందన్నదాని మీద ఆధారపడుతుంది కాబట్టి, ఒక ప్రింట్ లైన్ చేర్చినా లక్షణం మాయమవుతుంది.

డీఎంఏ2డీ మొదలయ్యే ముందు సోర్స్ ప్రాంతాన్ని క్లీన్ చేయండి, డెస్టినేషన్ ప్రాంతాన్ని క్లీన్ చేసి ఇన్వాలిడేట్ చేయండి. ట్రాన్స్‌ఫర్ పూర్తయ్యాక ప్రాసెసర్ ఆ ప్రాంతాన్ని చదవాల్సి ఉంటే మళ్లీ ఇన్వాలిడేట్ చేయండి. రెండోసారి ఎందుకంటే, ట్రాన్స్‌ఫర్ నడుస్తుండగానే ఎం7 ముందుచూపుతో కొన్ని లైన్లను క్యాష్‌లోకి తెచ్చుకోగలదు.

లక్షణం 4: బొమ్మ మొత్తం అదరడం, పక్కకు జరగడం

ఎల్‌టీడీసీ స్టేటస్ రిజిస్టర్‌లో ఫిఫో అండర్‌రన్ ఫ్లాగ్ చూడండి. అది సెట్ అయితే కంట్రోలర్‌కు పిక్సెళ్లు సమయానికి అందడం లేదు. 800×480, 16 బిట్లు, 60 హెర్ట్జ్ అయితే సెకనుకు 46 ఎంబీ చాలు. అదే 32 బిట్ల రెండు లేయర్లయితే 184 ఎంబీ కావాలి. 100 మెగాహెర్ట్జ్ మీద నడిచే 16 బిట్ల ఎస్‌డీరామ్ కాగితం మీద ఇవ్వగలిగేదే 200 ఎంబీ, వాస్తవంలో అంతకన్నా తక్కువ. అప్పుడు ప్రాసెసర్‌కు మిగిలేది ఏమీ ఉండదు. క్యాష్ ఆపేశాక ఈ లక్షణం మొదలైందంటే కారణం ఇదే.

ముందు డిమాండ్ తగ్గించండి: 32 బిట్ల బదులు 16, అవసరం లేని లేయర్ ఆఫ్, ప్యానెల్ ఒప్పుకుంటే పిక్సెల్ క్లాక్ కాస్త తక్కువ. హెచ్743లో ఏఎక్స్‌ఐ ఎస్‌రామ్ (చిప్ లోపలి మెమరీ) 512 కేబీ ఉంది. 480×272 ఆర్‌జీబీ565 బఫర్లు రెండూ కలిపి 5,22,240 బైట్లు. అందులో పడతాయి కానీ మిగిలేది 2,048 బైట్లే, మిగతా డేటాకు వేరే ఎస్‌రామ్ చూసుకోవాలి.

ఎఫ్7లో ఇంకో కారణం ఉంది. రీసెట్ తర్వాత ఎఫ్‌ఎంసీ (బయటి మెమరీ కంట్రోలర్) బ్యాంక్ 1 డిఫాల్ట్‌గా ఆన్‌లో, చాలా నెమ్మది టైమింగ్‌తో ఉంటుంది. ప్రాసెసర్ ముందుచూపు రీడ్ ఒకటి అటు వెళ్తే ఎఫ్‌ఎంసీ ఇరుక్కుపోయి ఎల్‌టీడీసీకి ఎస్‌డీరామ్ అందదు. బ్యాంక్ 1 వాడకపోతే దాని కంట్రోల్ రిజిస్టర్‌లో ఎంబీకెన్ బిట్ తీసేయండి. ఎప్పుడో ఒకసారి మాత్రమే వచ్చే అదురు చాలాసార్లు దీంతోనే పోతుంది.

ఎంపీయూతో శాశ్వతంగా సరిచేయడం

ప్రతిచోటా క్లీన్ పిలవడం కుదరకపోతే ఫ్రేమ్‌బఫర్‌కు ఎంపీయూలో (ఏ మెమరీ ప్రాంతాన్ని ఎలా వాడాలో నిర్ణయించే యూనిట్‌లో) విడిగా రీజియన్ ఇవ్వండి. పరిమాణం 2 ఘాతంగా, మొదలు ఆ పరిమాణానికి అలైన్ అయి ఉండాలి. 800×480 ఆర్‌జీబీ565 రెండు బఫర్లు 15,36,000 బైట్లు కాబట్టి 2 ఎంబీ రీజియన్. వేరే రీజియన్‌తో కలుస్తుంటే దీనికి పెద్ద నంబర్ ఇవ్వండి, పెద్ద నంబరే నెగ్గుతుంది.

ప్రాసెసర్ ఎక్కువగా రాస్తూ, తక్కువగా చదివితే నార్మల్ నాన్-క్యాషబుల్ సరిపోతుంది, ఎంపీయూ బిట్లు ఇలా: టెక్స్ 1, సీ 0, బీ 0. డివైస్ రకం మాత్రం పెట్టకండి, అలైన్ కాని అడ్రస్‌ను తాకిన వెంటనే ఫాల్ట్ వస్తుంది. ఆల్ఫా బ్లెండింగ్ కోసం బఫర్‌ను తరచూ చదివేవాళ్లకు రైట్-త్రూ (రాసినదాన్ని వెంటనే మెమరీకీ పంపే పద్ధతి) ఆకర్షణీయంగా కనబడుతుంది: టెక్స్ 0, సీ 1, బీ 0. కానీ ఎం7 పాత రివిజన్లలో రైట్-త్రూ రాతలు, చదువులు ఒక వరుసలో కలిస్తే డేటా చెడిపోయే లోపం ఉంది. మీ చిప్ ఎర్రాటా షీట్ (లోపాల జాబితా) చూడకుండా దాన్ని ఎంచుకోవద్దు. పైగా డీఎంఏ2డీ రాసినదాన్ని చదివే ముందు ఇన్వాలిడేట్ అప్పుడూ తప్పదు.

షేరబుల్ బిట్ పెడితే ఎం7 ఆ ప్రాంతాన్ని మామూలుగా నాన్-క్యాషబుల్‌గానే చూస్తుంది. క్యాష్ ఆన్‌లో ఉండి కూడా వేగం రావడం లేదంటే ఈ బిట్ చూడండి. రీజియన్లన్నీ క్యాష్ ఆన్ చేసే ముందే సెట్ చేయడం మంచిది.

ఈఎస్‌పీ32-ఎస్3, లినక్స్

ఈఎస్‌పీ32-ఎస్3లో ఆర్‌జీబీ ప్యానెల్ బఫర్ పీఎస్‌రామ్‌లో (అదనపు ర్యామ్‌లో) ఉంటే, ఫ్లాష్‌లో సెట్టింగులు సేవ్ చేసిన క్షణంలో బొమ్మ పక్కకు జరిగిపోతుంది. ఫ్లాష్ రాసేటప్పుడు క్యాష్ ఆగిపోతుంది కాబట్టి పిక్సెళ్లు అందించే పనీ ఆగుతుంది. మెనూకాన్ఫిగ్ సెట్టింగుల మెనూలో కోడ్, రీడ్-ఓన్లీ డేటా రెండూ పీఎస్‌రామ్ నుంచి నడిచేలా పెట్టండి, డేటా క్యాష్ లైన్‌ను 64 బైట్లు చేయండి, బౌన్స్ బఫర్‌ను (పీఎస్‌రామ్ పిక్సెళ్లను ముందుగా తెచ్చి ఉంచే చిప్ లోపలి బఫర్‌ను) పది వరుసలంత ఇవ్వండి. ఫ్రేమ్‌లోని మొత్తం పిక్సెళ్లు బౌన్స్ బఫర్ పరిమాణంతో శేషం లేకుండా భాగించబడాలి. వీసింక్‌లో రీస్టార్ట్ ఆప్షన్ పెడితే, ఒకవేళ జరిగినా తర్వాతి ఫ్రేమ్‌కు బొమ్మ దాని చోటికి వస్తుంది.

లినక్స్‌లో ఫ్రేమ్‌బఫర్‌ను డ్రైవర్లు సాధారణంగా రైట్-కంబైన్‌గా (డేటా క్యాష్‌లో ఉంచకుండా, రాతలను కలిపి పంపేలా) మ్యాప్ చేస్తాయి, అక్కడ ఈ గీతలు రావు. సొంత డ్రైవర్‌లో క్యాషబుల్ మెమరీ ఇచ్చినప్పుడో, డీఎంఏ-బఫ్‌ను (డ్రైవర్లు పంచుకునే బఫర్‌ను) ప్రాసెసర్‌తో రాసి సింక్ ఐఓసీటీఎల్ మర్చిపోయినప్పుడో వస్తాయి. రాయడానికి ముందు సింక్ స్టార్ట్, రాశాక సింక్ ఎండ్ రెండూ పిలవాలి. కార్టెక్స్ ఏ7, ఏ53లలో డేటా క్యాష్ లైన్ 64 బైట్లు కాబట్టి 32 బిట్ల పిక్సెళ్లలో గీత పొడవు 16 ఉంటుంది.