నెలల కుక్కపిల్లకు స్నానం ఎలా చేయించాలి

మా మల్లి ఇంటికొచ్చినప్పుడు దానికి నెల రోజులు. ఒళ్లంతా మురుగు బురద. వెంటనే స్నానం చేయించాలనిపిస్తుంది కానీ, ఎనిమిది వారాలు నిండేదాకా ఆగండి. అంత చిన్న ఒంట్లో వేడి నిలవదు, తడిస్తే ఇట్టే నీరసించిపోతాయి. గోరువెచ్చని నీళ్లలో పాత పంచె ముక్క ముంచి, గట్టిగా పిండి, ఒక కాలు తుడిచి ఆరబెట్టాకే రెండో కాలు తుడిచాను. తోక కింద ఎండి అంటుకున్న దాన్ని లాగొద్దు, పాపం చర్మం ఊడొస్తుంది. తడిగుడ్డ రెండు నిమిషాలు అద్ది ఉంచితే మెత్తబడి దానంతటదే వస్తుంది.

రెండు నెలలు దాటాక, ఎండ ఉన్న మధ్యాహ్నం, ఫ్యాన్ ఆపి స్నానం చేయించండి. టబ్బులో తువ్వాలు పరిస్తే కాళ్లు జారవు, సగం భయం అక్కడే పోతుంది. పసిపిల్లలకు చూసినట్టే నీళ్లు మోచేతి మీద పోసుకుని చూడండి. మెడ నుంచి కిందికే పోయాలి. ముఖానికి తడిగుడ్డ చాలు, చెవుల్లోకి నీళ్లు పోకూడదు. మన సబ్బు, షాంపూ వద్దు. కుక్కపిల్లల షాంపూ కొంచెం చాలు. గోమార్లు కనిపిస్తే మందు మాత్రం డాక్టర్ని అడిగే వాడండి.

నురగ మిగిలితే దురద పెడుతుంది, బాగా కడగండి. తువ్వాలుతో అద్దుతూ తుడిచాక చంకల్లో, పొట్ట కింద వేళ్లు పెట్టి చూడండి. మల్లికి ఎప్పుడూ అక్కడే తడి మిగిలిపోయేది.