ప్యాకెట్ల పాఠానికి చీటీలు చాలు

ఇంటర్నెట్ పాఠంలో రూటర్ (సందేశాన్ని ముందుకు పంపే పరికరం), ప్యాకెట్ (సందేశంలో ఒక ముక్క), ఐపీ చిరునామా (నెట్‌లో కంప్యూటర్‌కు ఉండే చిరునామా) అంటూ బోర్డు మీద బొమ్మ గీస్తే పిల్లలు బుద్ధిగా నోటుబుక్కులో ఎక్కించుకుంటారు గానీ, సందేశం ముక్కలుగా ఎందుకు వెళ్తుందో వారికి పట్టదు. దీనికి ల్యాబ్ అక్కర్లేదు.

తరగతిలో 20 మంది ఉంటే ఇద్దరిని ఎదురెదురు మూలల్లో నిలబెట్టండి: ఒకరు పంపేవారు, ఒకరు అందుకునేవారు. మిగతా 18 మంది రూటర్లు, గది నిండా చెదురుగా నిలబడాలి. చేయి చాపితే అందేవారికే చీటీ ఇవ్వాలి. ఒక వాక్యాన్ని 8 చీటీలుగా విడగొట్టి, ప్రతిదాని మీద పంపినవారి పేరు, చేరవలసినవారి పేరు, వరుస సంఖ్య రాయించండి. చీటీ అంచున 10 వేయించండి. చేయి మారినప్పుడల్లా ఆ అంకె కొట్టేసి ఒకటి తగ్గించి రాయాలి, సున్నా అయితే చించేయాలి. దారి తప్పిన ప్యాకెట్ అలా తిరుగుతూనే ఉండకుండా ఐపీలో, అంటే ప్యాకెట్లను చిరునామాకు చేర్చే నియమావళిలో, ఉన్న ఏర్పాటు ఇదే. (చించడానికి పోటీ పడతారు, చూసుకోండి.)

ముందే ఇద్దరు రూటర్ల చెవిలో ఒక్కో చీటీని జేబులో దాచేయమని చెప్పి ఉంచండి. అందిన ప్రతి చీటీకీ ‘అందింది’ అని కబురు వెనక్కి రావాలి. కాసేపటికీ కబురు రాని చీటీని మళ్లీ రాసి పంపాలి. ముక్కలన్నీ చేరేలా చూసే నియమావళి టీసీపీ. అది చేసే పని ఇదే.

పిల్లలు పది మందికి తక్కువైనా, బెంచీల వరుసల్లోనే కూర్చోబెట్టినా ఈ ఆట పండదు. ఒకే దారి మిగిలి చీటీలు వరుసలోనే చేరతాయి, వరుస సంఖ్య ఎందుకో ఎవరికీ తట్టదు.